నిరీక్షణకు న్యాయం తోడు

కడప జిల్లాలో పెన్నా నది ఒడ్డున ఉన్న జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాల్లోనూ, వాటికి దక్షిణాన చీనీ తోటలకు పేరుపడ్డ పులివెందులలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆదివారం ఉదయం కూడే క్రైస్తవ సంఘాల ప్రార్థనల్లో నిరీక్షణ, న్యాయం, సహవాసం అనే మూడు మాటలు తరచూ వినిపిస్తాయి. సంఘ పరిభాషలో నిరీక్షణ అంటే దేవుడు ఇచ్చిన మాట నెరవేరి తీరుతుందన్న నమ్మకంతో, అది ఇంకా నెరవేరని కాలంలో కూడా ఆ మాటకు తగినట్టుగా బతకడం. న్యాయం అంటే కోర్టు తీర్పు ఒక్కటే కాదు, కూలివాడు, వితంతువు, అనాథ, పరదేశి వంటి బలహీనులకు దక్కవలసినదాన్ని దక్కించడం. సహవాసం అంటే ఒకే రొట్టెలో, ఒకే పాత్రలో పాలుపొందేవారి మధ్య ఏర్పడే, రక్త సంబంధాన్ని మించిన బంధం. ప్రసంగాల్లో మొదటిదానికి దక్కే చోటు రెండోదానికి దక్కదు, మూడోది పాటల్లో ఉన్నంతగా ఆచరణలో ఉండదు. అయినా ఈ ప్రాంతపు సంఘ చరిత్రను దగ్గరగా చూస్తే, నిరీక్షణ నిలిచిన చోటల్లా న్యాయం దాని పక్కనే నడిచిందనీ, న్యాయాన్ని వదిలేసిన చోట అది వట్టి ఓదార్పుగా మిగిలిందనీ తెలుస్తుంది.

తెలుగు నేలపై 1805లో విశాఖపట్నంలో పని మొదలుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ, నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో భాగమైన కడపకు 1822లో చేరింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి కడప, కర్నూలు సీమల మాలపల్లెల్లో కుటుంబాలకు కుటుంబాలు సంఘంలో చేరాయి. దీన్ని కేవలం మిషనరీల ప్రసంగ ఫలంగా చూడడం సరికాదు; కందిమల్లాయపల్లెలో, అంటే నేటి బ్రహ్మంగారి మఠంలో, పోతులూరి వీరబ్రహ్మం దూదేకుల సిద్ధయ్యనూ, మాదిగ కక్కయ్యనూ శిష్యులుగా స్వీకరించిన కథ అప్పటికే ఈ పల్లెల్లో తత్వాలుగా, నాటకాలుగా వినిపిస్తూ, పుట్టుకతో అంటగట్టిన తక్కువతనం దైవనిర్ణయం కాదన్న ఆలోచనను జనానికి అలవాటు చేసి ఉంది. పైగా లండన్ మిషన్ వారిలో ఎక్కువమంది కాంగ్రిగేషనల్ సంప్రదాయానికి చెందినవారు; ఆ సంప్రదాయంలో బిషప్పు ఉండడు, స్థానిక సంఘమే తన పెద్దలను ఎన్నుకుని తన వ్యవహారాలను చక్కబెట్టుకుంటుంది. ఆచరణలో పగ్గాలు చాలాకాలం మిషనరీల చేతుల్లోనే ఉన్నప్పటికీ, ఊరి రచ్చకట్టపై కూర్చునే హక్కు లేని మనుషులు తమ సంఘపెద్ద ఎవరో, కానుక డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో తామే కూర్చుని తేల్చుకోవచ్చన్న సూత్రం ఆ రోజుల్లో చిన్నది కాదు.

ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా, జనం వాడుకలో సీఎస్ఐగా, ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో భాగమయ్యాయి. వాటిని నేడు కడప కేంద్రంగా ఉన్న రాయలసీమ అధ్యక్ష మండలం, అంటే ఒక బిషప్పు పర్యవేక్షణలో ఉండే సంఘాల సముదాయం, నడుపుతోంది. రోమన్ కాథలిక్కులకు 1976లో నెల్లూరు నుంచి విడిపోయిన కడప మేత్రాసనం ఉంది. వీటికి తోడు బైబిల్ మిషన్, హెబ్రోను సహవాసాలు, పెంతెకొస్తు మందిరాలు ప్రతి కాలనీలోనూ కనిపిస్తాయి.

నిరీక్షణ గురించి ఈ సీమలో మాట్లాడడానికి యిర్మీయా ప్రవక్త జీవితం కంటే తగిన పాఠం దొరకదు. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉండగా, పట్టణం కూలిపోతుందని తానే ప్రకటించి అందుకే నిర్బంధంలో పడిన యిర్మీయా, అనాతోతు అనే ఊళ్ళో తన పినతండ్రి కుమారుడి పొలాన్ని 17 తులాల వెండి తూచి ఇచ్చి కొంటాడు. సాక్షుల ఎదుట పత్రం రాయించి, అది చాలాకాలం చెడకుండా ఉండేందుకు మట్టికుండలో భద్రం చేయిస్తాడు. శత్రువు చేతిలోకి పోబోతున్న పొలానికి రొక్కం చెల్లించడం లోకం దృష్టిలో తెలివితక్కువ పని, అయితే ఈ దేశంలో ఇళ్ళకూ పొలాలకూ మళ్ళీ క్రయవిక్రయాలు జరుగుతాయన్న దైవవాక్కును ఆ ప్రవక్త ఉపన్యాసంగా చెప్పి ఊరుకోక దస్తావేజుగా రాయించాడు. వాన రాని ఏడు కూడా వేరుశనగ విత్తనానికి అప్పు చేసే పులివెందుల రైతుకు ఈ కథను ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

అదే యిర్మీయా గ్రంథం నుంచి మరో మాటను తెలుగు సంఘాలు ఎంతగా వాడుకున్నాయో, అంతగా దాని సందర్భం నుంచి తప్పించాయి. డిసెంబరు 31 రాత్రి జరిగే ఆరాధన ముగిశాక ప్రతి కుటుంబమూ ఒక వాగ్దానపు కార్డును, అంటే కొత్త సంవత్సరానికి తమ పేరిట దేవుడు ఇచ్చిన మాటగా ఎంచుకునే ఒక వచనాన్ని, తీసుకుని ఇంటి గోడకు అంటించుకోవడం చాలాచోట్ల ఆచారం. ఆ కార్డుల్లో తరచూ కనిపించేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు తలపెట్టినది హాని కాదు క్షేమమే అనే అర్థమున్న ఆ మాట, నిజానికి ఒక కుటుంబానికి ఏడాది పాటు చెల్లే హామీ కాదు. బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన ప్రజలందరికీ రాసిన ఉత్తరంలోని భాగం. ఆ ఉత్తరం వారికి త్వరలో తిరిగి వెళతారని చెప్పదు, డెబ్బై ఏళ్ళు ఆగాలని చెబుతుంది. ఈలోగా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరు చెరలో ఉన్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని చెబుతుంది. ఉద్యోగం, వీసా, పెళ్ళి, ఇల్లు అనే నాలుగు కోరికల చుట్టూ తిరిగే నేటి ఆశీర్వాద ప్రసంగాలు ఈ డెబ్బై ఏళ్ళ సంగతిని దాటవేయడం యాదృచ్ఛికం కాదు.

ఇచ్చిన మాటలు ఏళ్ళ తరబడి నెరవేరకపోతే ఏమవుతుందో జమ్మలమడుగు ప్రాంతానికి బాగా తెలుసు. ఇక్కడ ఉక్కు కర్మాగారం కోసం 2007లో ఒకసారి, 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర మరోసారి, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె దగ్గర ఇంకోసారి, 2023 ఫిబ్రవరిలో మళ్ళీ శంకుస్థాపనలు జరిగాయి. నాయకులు, పార్టీలు, కంపెనీలు మారాయి, డిగ్రీ చదివి బెంగుళూరు బస్సు ఎక్కే యువకుల వరస మాత్రం తగ్గలేదు. ఇలాంటి చోట సంఘం కూడా మరో శంకుస్థాపన లాంటి మాట చెబితే వినేవారికి తేడా తెలియదు. ఆశ చూపడం వేరు, నిరీక్షణ వేరు అని చెప్పగలిగేది దాని కోసం చేతులతో పనిచేసిన సంఘమే.

అలా చేతులతో చేసిన పనికి జమ్మలమడుగులోనే పెద్ద సాక్ష్యం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకంలో లండన్ మిషన్ వైద్యుడు థామస్ విన్సెంట్ క్యాంబెల్ ఇక్కడ నెలకొల్పిన వైద్యాలయం, తర్వాత క్యాంబెల్ ఆసుపత్రిగా పేరుపొంది సీఎస్ఐ ఆధ్వర్యంలోకి వచ్చింది. రైలు, రోడ్డు సరిగా లేని కాలంలో కాన్పు కష్టమైన స్త్రీలనూ, పాము కరిచినవారినీ, కంటి జబ్బులవారినీ ఎడ్లబండ్లపై తీసుకొచ్చే దూరపు పల్లెలకు అది దిక్కయింది. ధాత కరువుగా పెద్దలు చెప్పుకునే 1876–78 నాటి మహాక్షామంలో తీవ్రంగా దెబ్బతిన్న మండలాల్లో కడప ఒకటి కాబట్టి, ఆసుపత్రి వచ్చేనాటికి ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉండి ఉంటుంది. వైద్యం ఎంత గొప్పదో, వరుసలో ముందు వచ్చినవాడికి ముందు చూడడం కూడా అంత గొప్ప సంగతి. బావి దగ్గర ఆగి నీళ్ళు పోయించుకోవలసిన మనిషి, ఇక్కడ చీటీ నంబరు ప్రకారం లోపలికి పోగలిగాడు.

ఆంధ్రప్రదేశ్ మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1949లో పుట్టినదీ, వైద్యవిద్య ముగించాక కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసినదీ ఈ ఆసుపత్రిలోనే. ఆయన 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ధర్మాసుపత్రి పెట్టారు. 2007లో ఆయన ప్రభుత్వం పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది. మిషన్ ఆసుపత్రి నుంచి ఆరోగ్యశ్రీ దాకా ఒకే గీత గీయడం అతిశయోక్తి అవుతుంది, రాజకీయ లెక్కలు ఆ పథకానికి ఎన్నో ఉన్నాయి. అయితే సంఘం ఆలోచించవలసిన ఒక తేడా ఇందులో ఉంది: ధర్మాసుపత్రిలో రోగి దయ పొందుతాడు, ప్రభుత్వ పథకంలో అదే రోగి కార్డు చూపించి హక్కు అడుగుతాడు. దయ గురించి తరతరాలుగా మాట్లాడిన సంఘాలు హక్కు గురించి మాట్లాడడానికి ఇప్పటికీ తడబడతాయి.

బంగారం అంగళ్ళకు పేరుమోసిన ప్రొద్దుటూరులో యాకోబు పత్రిక రెండో అధ్యాయాన్ని చదవడం ఒక ఇబ్బందికరమైన అనుభవం కావాలి. వేళ్ళకు బంగారు ఉంగరాలు పెట్టుకున్నవాడు సంఘకూటానికి వస్తే మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలతో వచ్చిన పేదవాణ్ణి నిలబడమనడాన్ని ఆ పత్రిక సూటిగా తప్పుపడుతుంది. అయిదో అధ్యాయంలో మరింత ముందుకు పోయి, పొలం కోసినవారికి ఇవ్వక బిగబట్టిన కూలి డబ్బే మొరపెడుతుందనీ, ఆ మొర దేవుడి చెవిన పడుతుందనీ అంటుంది. యర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లో పనిచేసేవారు, పత్తి తీసే ఆడకూలీలు, ప్రొద్దుటూరు మగ్గం పనివారు, చీనీ కాయ కోసేవారు ఇదే పట్టణాల సంఘాల్లో కూర్చుంటారు. వారి కూలిరేటు, గనుల్లో దుమ్ము వల్ల పాడయ్యే ఊపిరితిత్తులు, పులివెందుల దగ్గరి తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల గ్రామస్థులు తమ బోరునీళ్ళ గురించి చేస్తున్న ఫిర్యాదులు ప్రార్థనాంశాలుగా వినిపించడం అరుదు. వినిపించినా రోగి స్వస్థత కోసం మాత్రమే.

చట్టం విషయంలో సంఘానికి స్వయంగా తగిలిన గాయం ఒకటి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ దాన్ని విస్తరించినా క్రైస్తవులను బయటే ఉంచారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవ మతం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారిని, వారి సంతతిని, వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గంగా గుర్తించి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. క్రైస్తవులైన దళితులకూ షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలని రాష్ట్ర శాసనసభ 2023 మార్చిలో తీర్మానించింది, కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. ఈ లోపల పల్లెల్లో జరిగేది అందరికీ తెలిసిందే: కుల ధ్రువపత్రంలో ఒక పేరు, బాప్తిస్మం నాడు పెట్టుకున్న మరో పేరు, బడిలో ఒక మతం, ఆదివారం ఇంకో మతం. మతం మారినంత మాత్రాన ఊరు తనను చూసే తీరు మారని మనిషికి, చట్టం మాత్రం అంతా మారిపోయిందని చెబుతుంది. ఆ రెండింటి మధ్య నలిగినవాణ్ణి కపటి అని ఎగతాళి చేయడం తేలిక. చట్టాన్ని సవాలు చేసే పనిలో సంఘాలు పాలుపంచుకున్నాయి, అయితే ఈ ద్వంద్వజీవితం మనసుకు చేసే హానిపై వేదికల నుంచి మాట్లాడినవారు తక్కువ.

న్యాయం ప్రస్తావన వస్తే ఈ సీమలో ముఠాకక్షలను దాటిపోలేము. ఒక హత్యకు మరో హత్య జవాబుగా, రెండు తరాల మగవాళ్ళు పోయి వితంతువులు మిగిలిన ఇళ్ళు జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ఒకటి రెండు కావు. నాయకుడి వెంట కర్ర పట్టుకుని నడిచినవారిలో కూలినాలి చేసుకునే దళితులూ ఉన్నారు. సంఖ్యాకాండం 35వ అధ్యాయం ఇటువంటి సమాజానికే చట్టం రాసింది. హతుడి బంధువు పగతీర్చుకునే హక్కు అప్పటికే ఆచారంగా ఉన్న ప్రజల మధ్య, యొర్దాను నదికి అటు మూడు, ఇటు మూడు చొప్పున ఆరు ఆశ్రయపురాలను ఏర్పాటు చేసి, పొరపాటున ప్రాణం తీసినవాడు అక్కడికి పారిపోయి సమాజం ఎదుట విచారణ జరిగేదాకా బతికి ఉండేలా చూసింది. పగను ఒక్క ఆజ్ఞతో మాన్పించవచ్చన్న భ్రమ అందులో లేదు. పగకూ ప్రాణానికీ మధ్య ఒక ఊరినీ, ఒక విచారణనూ నిలబెట్టింది. ఆ ఆరింటిలో హెబ్రోను ఒకటి. సువార్తికుడు బక్త్ సింగ్ 1950లో హైదరాబాదులో స్థాపించిన హెబ్రోను పేరే తెలుగు నేలంతటా ఎన్నో మందిరాలు పెట్టుకున్నాయి, వాటిలో ఎన్ని ఆశ్రయపురంగా ఉండడానికి సిద్ధపడతాయన్నది ఆ పేరు మోసేవారు తేల్చుకోవలసిన సంగతి.

ఆశ్రయం ఇవ్వడమంటే ఏమిటో కోస్తా ఆంధ్ర ఒకసారి చూపింది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపినప్పుడు ఊరు విడిచి పారిపోయినవారు చీరాలలో ఒక చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడి శిబిరం నుంచే తర్వాతి దళిత ఉద్యమం మాట నేర్చుకుంది. ప్రధాన నిందితుడికి సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్ష విధించేసరికి 2008 వచ్చింది. ఇరవై మూడేళ్ళ పాటు బాధితులు తీర్పు కోసం పట్టు వదలకుండా నిలబడడాన్ని నిరీక్షణ అనకపోతే ఆ మాటకు ఇంకే అర్థం మిగులుతుందో చెప్పడం కష్టం.

బయటి అన్యాయాన్ని ప్రశ్నించే సంఘం లోపలి బల్ల దగ్గర తడబడితే దాని గొంతు పీలగా మారుతుంది. కొరింథులోని సంఘంలో కలిగినవారు ముందు వచ్చి కడుపునిండా తిని, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే పేదలు ఆకలితో ఉండిపోవడాన్ని పౌలు తీవ్రంగా మందలించి, అలా తిన్నది ప్రభువు భోజనమే కాదని తేల్చాడు. తెలుగు సంఘాల్లో ఆకలి రూపం మారింది: ఒకే ఊళ్ళో మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు, రెడ్లు, కమ్మలు అనే పేర్లు బాప్తిస్మం తర్వాత కూడా నిలుస్తాయి, పాటలో అన్నాచెల్లెళ్ళు అయినవారు పెళ్ళి సంబంధం మాటకు వచ్చేసరికి కులం అడుగుతారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు వి.ఎస్. అజరయ్య కులాన్ని సంఘంలోకి రానివ్వకూడదని జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం నెగ్గిందని చెప్పలేము. అయితే సంఘ స్త్రీలు వండే ప్రతిపూటా గుప్పెడు బియ్యం వేరుగా తీసి సంఘానికి తెచ్చే అలవాటు ఆయన కాలంలో ఊపందుకుని నేటికీ పల్లె సంఘాల్లో కనిపిస్తుంది. పోగైన కుండలో ఏ గింజ ఏ ఇంటిదో ఎవరూ చెప్పలేరు.

కాథలిక్ సంఘంలో కులం విషయమై ఇటీవలి మలుపు కడపతో ముడిపడినదే. కర్నూలు జిల్లాలో పుట్టి, 1992లో కడప మేత్రాసనానికి గురువుగా అభిషేకం పొంది, ఈ జిల్లా పల్లె విచారణల్లో, అంటే ఒక గురువు చూసుకునే స్థానిక సంఘాల్లో, పనిచేసిన పూల ఆంథోనీ 2008లో కర్నూలు బిషప్పుగా, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతిగా నియమితులై, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. పోపును ఎన్నుకునే హక్కున్న ఆ పదవికి చేరిన తొలి దళితుడు, తొలి తెలుగువాడు ఆయనే. ఒక వ్యక్తి పైకి చేరడం వల్ల పల్లెలో కూర్చునే వరుసలు వాటంతట అవే మారవు, మారిన దాఖలాలూ లేవు. అయినా బద్వేలు వైపు పల్లెల్లో ఆయన చేత ప్రథమ సత్‌ప్రసాదం పుచ్చుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయి ఆ వార్త విన్నారన్నది తక్కువ సంగతి కాదు.

సహవాసపు హద్దులు ఇప్పుడు జిల్లా దాటి ఎడారి దాకా పోయాయి. ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళే కడప జిల్లా ఆడవాళ్ళలో క్రైస్తవులూ చాలామంది ఉన్నారు. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు సంఘాలు శుక్రవారం నాడే కూడతాయి. జీతం ఆపిన యజమాని దగ్గరి నుంచి బయటపడడానికి, పాస్‌పోర్టు తిరిగి రాబట్టుకోవడానికి, చనిపోయినవారి శరీరాన్ని ఊరికి పంపడానికి అక్కడివాళ్ళు ముందుగా ఆశ్రయించేది తమ భాష మాట్లాడే ఇలాంటి కూటాలనే. స్వదేశంలోని సంఘాలు న్యాయాన్ని లోకసంబంధమైన విషయంగా పక్కన పెట్టగలుగుతున్నాయి గాని, పరదేశంలో ఆ వెసులుబాటు లేదు.

పునరుత్థాన పండుగ, అంటే ఈస్టరు, తెల్లవారుజామున తెలుగు ప్రొటెస్టంట్ సంఘాలు శ్మశానంలో కూడి, ముందురోజే సున్నం వేసి శుభ్రం చేసిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడతాయి; చనిపోయినవారు తిరిగి లేస్తారన్న నిరీక్షణకు ఏడాదిలో అంతకంటే స్పష్టమైన రూపం లేదు. అయితే ఆ ఆరాధనకు ముందు స్థలం ఉండాలి. చాలా పల్లెల్లో క్రైస్తవులకు కేటాయించిన శ్మశానం లేక, ఉన్నదానికి దారి లేక, దారి ఉన్నా పక్క పొలాలవారు గట్టు జరుపుతూ రావడం వల్ల వాగు పోరంబోకులోనో చెరువు కట్ట కిందో పూడ్చుకోవలసి వస్తుంది. అందుకే సోమవారం నాడు కలెక్టరేట్లలో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికకు ఇలాంటి సంఘాలు తీసుకుపోవలసిన అర్జీ చిన్నదే: ఫలానా సర్వే నంబరులో ఇన్ని సెంట్లు కొలిచి హద్దురాళ్ళు నాటించి, శవాన్ని మోసుకుపోవడానికి పన్నెండు అడుగుల దారి చూపించాలి. మాలల చర్చీ, మాదిగల చర్చీ, పెంతెకొస్తు మందిరమూ వేరువేరుగా ఇచ్చే మూడు అర్జీల కంటే, ముగ్గురు పాస్టర్లూ కలిసి సంతకం చేసిన ఒకే అర్జీని తహసీల్దారు పక్కన పడేయడం కష్టం.